తోమాసుకి ఒక్కడికే వినపడిన పాట

ముందు నా తప్పు చెప్పేస్తాను. తోమాసు తాత పాట ఎత్తిన ఇంట్లోంచి శవప్పెట్టె లేస్తుందని కోడూరు బస్టాండు పక్క టీకొట్లో మొట్టమొదట అన్నది నేనే. నవ్విద్దామని అన్నాను. ఇద్దరు నవ్వారు, మూడోవాడు నవ్వలేదు. సాయంత్రానికల్లా ఆ నవ్వనివాడు చెప్పిందే ఊరంతా తిరిగింది. దానివల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. నా సంగతి ఇంతే. మిగతాదంతా తోమాసుది.

తోమాసుకి డెబ్బై దాటాయి. కోడూరు దగ్గర పేటలో, రొయ్యల చెరువుల గట్టుని ఆనుకుని ఆయన రెండు గదుల డాబా. వయసులో ఉండగా గుడివాడలో రైసుమిల్లు ఇంజను నడిపాడు. మిల్లు మూతపడ్డాక ఊరికొచ్చి చెరువుల దగ్గర జనరేటరు చూసుకున్నాడు. అంటే బతుకంతా ఏదో ఒక యంత్రం చెవి పక్కనే అరుస్తూ ఉండగా గడిపాడన్నమాట. ఆ యంత్రాలన్నిటి మీదా కసి ఆదివారం చర్చిలో తీర్చుకునేవాడు. పేటలో పాట ఎత్తేది ఆయనే.

పాట ఎత్తడమంటే చిన్న సంగతి కాదు. ఏ పాటైనా సరే, మొదటి ముక్క ఎవరో ఒకరు ధైర్యంగా అందుకోవాలి. అప్పుడుగానీ మిగతావాళ్ళ నోళ్ళు తెరుచుకోవు. శ్రుతి కాస్త పైకి పెడితే ఆడవాళ్ళ పీకలు పట్టుకుపోతాయి, కాస్త కిందకి దించితే మగవాళ్ళకి నిద్రొస్తుంది. తోమాసు పెట్టిన శ్రుతికి ఏనాడూ ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత కీబోర్డూ ప్యాడ్సూ వచ్చి ఆదివారం పాటల్ని కుర్రాళ్ళు లాగేసుకున్నారు. ఇళ్ళల్లో ప్రార్థనలూ భూస్థాపనలూ మాత్రం ఆయనకే మిగిలాయి. శవం వెంట కీబోర్డు ఎవడు మోస్తాడు?

ఆయన చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టలు నోళ్ళు మూసుకున్నాయి. తర్వాత కుక్కరు కూయడం మానేసింది. భార్య దేవమ్మ మళ్ళీ గిన్నెలోనే వండుతోందేమో అనుకున్నాడు. ఆ తర్వాత తన అడుగుల చప్పుడే పోయింది. ఒకసారి గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగి, వెనక్కి తిరిగి, మట్టిలో తన పాదాల గుర్తులు పడ్డాయో లేదో చూసుకున్నాడు. పడ్డాయి. అయినా నమ్మకం కుదరలేదు. ఎదురుగా చెరువులో ఏరియేటర్లు నీళ్ళని తెల్లగా నురగ చేసి ఎగరేస్తున్నాయి. ఎంతసేపు నిలబడినా వాటికీ చప్పుడు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మనుషులు ఒక ఎత్తు. మనుషులు నడిచి రావడం మానేశారు. ఉన్నట్టుండి ఉంటున్నారు. ఇప్పుడు ఖాళీగా ఉన్న గుమ్మంలో మరుక్షణం ఒక మొహం. భుజం పక్కన ఒక చెయ్యి. ఆ మొహంలో పెదవులు కదులుతాయి, ఏదో అడుగుతాయి, జవాబు కోసం ఆగుతాయి. తోమాసు చిన్నగా నవ్వి "ఆఁ" అనేవాడు. మా పేటలో జరిగే మాటల్లో చాలావాటికి "ఆఁ" సరిపోతుంది గనక ఎవరూ పట్టుకోలేదు. చెవుడని ఒప్పుకుంటే పాట పోతుంది. పాట పోతే ఇంక తను ఎవరో ఆయనకే తెలియదు. అందుకే దేవమ్మకి కూడా చెప్పలేదు.

అలాంటి రోజుల్లోనే శ్యాంబాబు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం ప్రార్థన పెట్టాడు. హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, గోడలకి ఇంకా ఆరని పెయింటు వాసన, నెత్తిమీద కొత్త ఫ్యాను. పాస్టరు డేవిడ్ రాజు అయ్యగారు చేతులెత్తారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. తోమాసు కూడా మూసుకున్నాడు.

అప్పుడు వినపడింది.

ఎక్కడో గోడకి అవతల, చెరువు గట్టు మీద నుంచి వస్తున్నట్టు, ముందు ఆడ గొంతులు. వాటి కింద మెల్లిగా మగ గొంతులు. చాలా నిదానంగా పాడుతున్నారు. అది భూస్థాపన పాట. పెట్టె గోతిలోకి దించి, అందరూ తలో పిడికెడు మట్టి వేసేటప్పుడు పాడేది. ఆ గొంతుల్లో ఒకటి మాత్రం ప్రతి చరణంలోనూ రవ్వంత వెనకబడి వస్తోంది. తోమాసు వాళ్ళక్క మార్తమ్మ అలాగే పాడేది. ఆవిడ ఉప్పెనలో పోయింది.

అక్క గొంతు ఇక్కడికి ఎలా వచ్చిందని ఆలోచించే తీరిక లేదు. పాట ఎత్తేవాడి బుద్ధి ఎప్పుడూ ఒకటే: పాట మొదలైతే అందుకోవాలి. ఎవరో మొదలెట్టేశారు, తనే వెనకబడ్డాడు. అంతే అనుకుని గుండెల నిండా ఊపిరి తీసుకుని అందుకున్నాడు.

చరణం పూర్తయ్యాక కళ్ళు తెరిచాడు. అందరి కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. ఒక్కరి పెదవీ కదలడం లేదు. అయ్యగారి చేతులు గాలిలోనే ఆగిపోయి ఉన్నాయి.

శ్యాంబాబు ఒంగి చెవి దగ్గర అరిచినంత పని చేశాడు. "ఏంటి బాబాయ్ ఇదీ? కొత్తింట్లో పాడే పాటేనా ఇది?"

"ఆఁ," అన్నాడు తోమాసు, నవ్వుతూ.

గురువారం శ్యాంబాబు తండ్రి పోయాడు. ఆ పెద్దమనిషికి తొంభై. మంచం దిగక చాలా కాలమైంది. డాక్టరు కూడా ఇంటికి తీసుకుపొమ్మని ఎప్పుడో చెప్పేశాడు. అవన్నీ గుర్తు పెట్టుకుంటే ఊరికి పొద్దెలా పోతుంది? తర్వాత ఇంకో ఇంట్లో పసిబిడ్డని ఉయ్యాలలో వేసే ప్రార్థన. అక్కడా పాట వచ్చింది. ఈసారి తోమాసు పళ్ళు బిగపట్టుకుని నోరు తెరవలేదుగానీ, గొంతులోంచి కూనిరాగం జారిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళ గేదె చచ్చింది. గేదెకి భూస్థాపన పాట దేనికని అడిగిన మొనగాడు లేడు. నేను టీకొట్లో నోరు పారేసుకున్నది ఆ మర్నాడే. సాయంత్రానికి అది, చావు రాబోయే ఇంటి పాట తాతకి ముందే వినపడుతుందని తిరిగింది.

అక్కణ్ణుంచి తోమాసు వీధిలోకొస్తే పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలైంది. పెళ్ళిపిలుపులకొచ్చినవాళ్ళు శుభలేఖ దేవమ్మ చేతిలో పెట్టి, "తాతగారికి ఎండ పడదు కదండీ, మీరొక్కళ్ళు వస్తే చాలు" అని వెళ్ళేవాళ్ళు. పక్కింటి కనకదుర్గ మాత్రం గోడ మీదుగా వంగి, అటూ ఇటూ చూసి, "మావయ్యగారూ, మా అత్తగారి పాట ఏమన్నా వినపడిందాండీ?" అని అడిగింది.

"ఆఁ," అన్నాడు తోమాసు.

కనకదుర్గ ఆ వారమంతా అత్తగారికి జీడిపప్పు వేసి ఉప్మా చేసి పెట్టింది. ఆవిడకేం, ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది.

తనని చూసి ఊరు భయపడుతోందని తోమాసుకి తెలియదు. ఆయన భయం ఆయనకుంది. ఎందుకంటే పాట ఇప్పుడు ఆయన ఇంట్లోకే వచ్చేసింది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక దేవమ్మ ఫ్యాను వేసుకుని లోపలి గదిలో నడుం వాలుస్తుంది. తోమాసు ఆ గది గుమ్మంలో అడుగు పెడితే చాలు, పాట. ఫ్యాను తిరిగినంతసేపూ అదే చరణం, మళ్ళీ అదే చరణం. బయట కళ్ళు చెదిరే ఎండ. గట్టు మీద ఒక్క మనిషి లేడు. చెట్టు మీద కాకి నోరు తెరిచి మూసింది, అరుపు రాలేదు. లోపల దేవమ్మ మంచం చుట్టూ కనపడని మనుషులు నిలబడి పాడుతున్నట్టు, వాళ్ళ మధ్య మార్తక్క ఎప్పట్లాగే వెనకబడుతున్నట్టు. రోజులు గడిచేకొద్దీ ఆ మనుషులు మంచానికి దగ్గర జరుగుతున్నారు.

తోమాసు గుమ్మంలో నిలబడి దేవమ్మ గుండెల మీద చీర లేస్తుందా, పడుతుందా అని చూసేవాడు. లేచేది. పడేది. రెప్ప వేస్తే ఆగిపోతుందేమోనని కళ్ళలో నీళ్ళు కారేదాకా రెప్ప వేసేవాడు కాదు.

ఇప్పుడు మంచం మీద నుంచి చూడండి. చావుపాట వినపడుతుందని ఊరు చెప్పుకుంటున్న మొగుడు రోజూ మిట్టమధ్యాహ్నం మన మంచానికెదురుగా నిలబడి, మన గుండెల వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. పిలిస్తే పలకడు. దేవమ్మకి ఇంకేం అర్థమవుతుంది?

ఒకరోజు పొయ్యి దగ్గర అటు తిరిగి కూర కలుపుతూ, ధైర్యం చిక్కబట్టుకుని అడిగేసింది. ఏం అడిగిందో తోమాసుకి ఆ రోజు తెలియదు. చాలా రోజుల తర్వాత ఆవిడే చెప్పింది. "నీకు వినపడేది నా పాటేనా?" అని అడిగిందట.

ఆవిడ భుజాలు కదలడం చూసి ఏదో అంటోందని గ్రహించి, తోమాసు తనకి అలవాటైన జవాబే చెప్పాడు.

"ఆఁ."

ఆవిడ కూర దించేసింది.

మర్నాటి నుంచి సర్దడం మొదలెట్టింది. ట్రంకుపెట్టె అడుగున తన భూస్థాపనకని దాచుకున్న తెల్లచీర తీసి, ఉతికి, గంజి పెట్టి ఆరేసింది. గుడ్లవల్లేరు కాలేజీలో ఇంజనీరింగు చదివే మనవరాలు నిస్సీ ఇంటికొస్తే చెవికమ్మలు తీసి దాని చేతిలో పెట్టింది. తోమాసుని పొయ్యి ముందు కూర్చోబెట్టి అన్నం ఎసరు ఎంత పెట్టాలో వేళ్ళతో చూపించింది. తీగ మీద ఆరుతున్న తెల్లచీర తోమాసు కంటపడింది. అంటే దీనికీ తెలిసిపోయిందన్నమాట! తెలిసీ నా కోసం వంట నేర్పుతోందన్నమాట! అడిగితే నిజమైపోతుందని ఆయన అడగలేదు. మళ్ళీ చెప్పించుకుంటే ఖాయమైపోతుందని ఆవిడ ఇంకోసారి అడగలేదు. ఒకే కంచం దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే చావుకి సిద్ధమవుతున్నారు. నిజానికి ఆ చావు ఎక్కడా లేదు.

అలా ఎన్నాళ్ళు సాగేదోగానీ, ఒక మధ్యాహ్నం తోమాసుకి ఇక చూడటం చేతకాలేదు. గదిలోకి వీపు పెట్టి గడప మీద కూర్చున్నాడు. వెనక ఫ్యాను తిరుగుతోంది. పాట ఎన్నడూ లేనంత గట్టిగా వస్తోంది. మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నంత దగ్గరగా వస్తోంది.

ఎదురుగా పెరట్లో ఒక కోడి కారణం లేకుండా ఎగిరి పరిగెత్తింది. గోడ మీద కనకదుర్గ తల లేచింది. కళ్ళు పెద్దవి చేసుకుని తోమాసు వైపే చూస్తోంది. తోమాసు ఆవిడకి నవ్వి తలూపాడు. అప్పుడు అరికాళ్ళకి తడి తగిలింది.

కిందకి చూశాడు. నీళ్ళు. ఆ నీళ్ళ వెంట చూపు వెనక్కి పోతే, సిమెంటు గచ్చు మీద పెద్ద స్టీలు చెంబు గిర్రున తిరుగుతోంది. తిరిగి తిరిగి, ఊగి, పక్కకి ఒరిగి ఆగింది. అంత చెంబు, అంత గచ్చు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

మంచం మీద దేవమ్మ లేచి కూర్చుని ఉంది. చెంబు విసిరిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పిలిచి పిలిచి విసిగి విసిరిందట. ఆవిడ చెంబు వంక చూసింది. తోమాసు వంక చూసింది. దిగి వచ్చి, చెంబు తీసి, ఆయన కళ్ళెదురుగానే మళ్ళీ గచ్చు మీద వదిలింది. చెంబు పడింది, ఎగిరింది, దొర్లింది. కనకదుర్గ రెండు చెవులూ మూసుకుంది. తోమాసు మాత్రం దేవమ్మ ఏం చేస్తోందో తెలియక లేచి చూస్తూ నిలబడ్డాడు.

దేవమ్మ ఆయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుకుంది. ఒక్కొక్క మాటే పెదవుల మీద పరిచినట్టు అడిగింది.

"నీకు... చెవులు... వినపడవా?"

"ఆఁ," అన్నాడు అలవాటు కొద్దీ.

భుజం మీద ఛెళ్ళున ఒక్కటిచ్చింది. అది మాత్రం బాగా తెలిసింది.

"కాళ్ళ కాడ చెంబు పడితే వినపడనోడివి, నా చావు వినపడిందంట్రా నీకు! నేను చీరలు ఉతుక్కుంటన్నాను, కమ్మలు పంచుకుంటన్నాను! ముందే ఏడవొచ్చుగా నోరు తెరిచి!"

అంత కోపంలో ఉన్న మొహం మీద ఏ మాటైనా ఇట్టే చదవొచ్చు. తోమాసు చదివాడు. గడప మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నువ్వు పోతన్నావనుకున్నానే," అన్నాడు. "రోజూ నీ మంచం చుట్టూ పాడతన్నారే. మార్తక్క కూడా ఉందే." ఆవిడ పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేలా కూర్చుంది. చాలా కాలం తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. గోడ మీద కనకదుర్గ తల సాయంత్రం దాకా దిగలేదు.

ఆ వారమే దేవమ్మ ఆయన్ని బందరు బస్సెక్కించింది. చెవి పరీక్ష చేసే అమ్మాయి పేరు శ్రీలలిత. తోమాసుని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటను నొక్కమంది. తలుపు పడింది. ఇంత చిన్న గదిలో, ఇంత నిశ్శబ్దంలో, ఆయన ఒంటరిగా లేడు. పాట మొదలైంది. తోమాసు బటను నొక్కాడు. అద్దం అవతల శ్రీలలిత తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి ఇంకా ఏ చప్పుడూ పంపనే లేదు.

బయటికొచ్చాక ఆయనకి ఎదురుగా కూర్చుని, నిదానంగా చెప్పింది. "దీనికి దయ్యాలక్కర్లేదండీ తాతగారూ. పిచ్చి కూడా కాదు. చెవి నుంచి చప్పుళ్ళు రావడం తగ్గిపోతే మెదడు ఊరుకోలేదు. తనకి బాగా కంఠతా వచ్చిందే పెట్టుకుని వింటుంది. మీకేమో పాటలొచ్చు. చాలామందికి వస్తుందండీ, పైకి చెప్పుకోరంతే. మీరు ఫ్యాను కింద ఎక్కువన్నారు చూడండి, అలా ఒకేలా మోగే చప్పుడు లీలగా అందినా దాని మీద అల్లుకుంటుంది."

"మరి ఆ పెద్దాయన పోయాడు కదమ్మా?" అంది దేవమ్మ.

"ఆయనకి ఎన్నేళ్ళండీ?"

"తొంభై."

శ్రీలలిత దేవమ్మ వంక చూసింది.

"సరే. మరి గేదో?"

"గేదె సంగతి నాకు తెలీదండీ," అంది శ్రీలలిత.

చెవి మిషన్లు పెట్టుకుంటే పాట తగ్గొచ్చనీ, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేననీ చెప్పింది. మిషను ఒక్కటే చాలదని, ఒక కాగితం తన నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడి, అది తీసేసి మళ్ళీ మాట్లాడి చూపించింది. తేడా తోమాసుకే కాదు, దేవమ్మకీ తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ తను పొయ్యితో మాట్లాడుతూ, మొగుడు పలకలేదని ఏడ్చిందన్నమాట.

మిషన్లు పెట్టుకున్న రోజు భయం ఇంకోలా వచ్చింది. ఎవరో వెనకాలే నడుస్తున్నారని తోమాసు మూడు వీధులు తిరిగి తిరిగి చూసుకున్నాడు. అవి తన చెప్పులే. ఇంటికొచ్చి ఫ్యాను వేస్తే అదిరిపడ్డాడు.

"ఇదేంటే ఇట్టా మూలుగుతంది?"

"ఏడాది నుంచీ మూలుగుతంది. బాగు చేయించమని రోజూ చెప్తానే ఉన్నా. నువ్వు ఆఁ అంటానే ఉన్నావు."

ఆ మూలుగు కింద పాట పలచబడింది. ముందు మగ గొంతులు వెళ్ళిపోయాయి. తర్వాత ఆడ గొంతులు ఒక్కొక్కటే. చివరికి ఒక్క గొంతు మిగిలింది, రవ్వంత వెనకబడి. ఎవరితో పాడుతూ వెనకబడుతోందో మరి, మిగతావాళ్ళెవరూ లేరు.

ఇంట్లో పద్ధతులు మారాయి. దేవమ్మ మాట్లాడే ముందు మంచం కోడు మీద తడుతుంది. ఆయన తిరిగాక, వెలుతురులోకి వచ్చి మాట్లాడుతుంది. ఒక మాట అందకపోతే అదే మాట అరవకుండా ఇంకోలా చెబుతుంది. "ఆఁ" అనడం మాత్రం ఆ ఇంట్లో నిషేధం. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అనాలి. అనకపోతే కూర వెయ్యదు. అయ్యగారు వచ్చి, "మళ్ళీ ఇళ్ళల్లో పాటలు మీరే ఎత్తాలండీ" అన్నారు. తోమాసు ఇప్పుడు ప్రార్థనలో దేవమ్మకి ఎదురుగా కూర్చుంటాడు, కళ్ళు మూసుకోడు. పాట వినపడితే ముందు ఆవిడ పెదవులు చూస్తాడు. అవి కదిలితేనే అందుకుంటాడు.

మధ్యాహ్నాలు మాత్రం ఆ ఒక్క గొంతు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుందట. వచ్చినప్పుడు దాచుకోడు. మంచం కోడు తట్టి, చెవి మీద వేలు పెట్టి, నీకూ వినపడుతోందా అని కనుబొమలతో అడుగుతాడు. దేవమ్మ లేదని తల ఊపుతుంది. ఆయన నవ్వుకుని పడుకుంటాడు. మొన్న ఒకరోజు అడిగితే, ఆవిడ వెంటనే తల ఊపలేదట. ఫ్యాను వంక చూస్తూ కాసేపు ఆగిందట. తర్వాత ఊపింది. అడ్డంగానే ఊపింది.

ఇదంతా తాతే చెప్పాడు. నేను వెళ్ళి, వెలుతురులో ఎదురుగా కూర్చుని, టీకొట్లో ఆ కూత కూసింది నేనేనని చెప్పాక చెప్పాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. దేవమ్మ నాకు మజ్జిగ కూడా ఇచ్చింది. అక్కడితో లేచి వచ్చేయాల్సింది. కానీ నా నోరు ఊరుకోదుగా.

"తాతా, మరి నువ్వు అడిగినప్పుడు మామ్మ ఎప్పుడైనా, ఆఁ నాకూ వినపడతంది అంటేనో?"

లోపల ఫ్యాను తిరుగుతోంది. దేవమ్మ చేతిలో గ్లాసు ఆగింది. తోమాసు తాత నా మొహం వంక తీరిగ్గా చూశాడు, ఒక్క మాట కూడా పోకుండా అందుకున్నట్టు.

"అప్పుడు మేవిద్దరం కలిసి పాడుకుంటాంలేరా. నువ్వు మాత్రం గొంతు కలపమాక. నీకు శ్రుతి లేదు."